గాజుతొట్టిలో కడలి

పగడం అనగానే మనకు నవరత్నాలు గుర్తుకు వస్తాయి. మన కవులు సుందరాంగుల పెదవులను పగడాలతో పోల్చారు. కాని పగడం పుట్టుకతో రాయి కాదు. అది ఒక ప్రాణి కట్టుకున్న గూడు. పాలిప్‌లనే అతి చిన్న జీవులు సముద్రజలంలోని కాల్షియాన్ని గ్రహించి, తమ మెత్తని దేహాలకు ఆధారంగా సున్నపు గూళ్ళను నిర్మించుకుంటాయి. తరతరాలుగా ఆ గూళ్ళు పేరుకొని ప్రవాళ భిత్తికలవుతాయి. వాటి సందులలో వందలాది రకాల చేపలు తలదాచుకుంటాయి. ఆ చేపలను వేటాడే చేపలు కూడ అక్కడే పొంచి ఉంటాయి. ఈ అద్భుత ప్రపంచాన్ని ఇంటిలో ఒక గాజుతొట్టిలో చూడాలన్న కోరిక మానవునికి కలగడం సహజమే.

ఆ కోరిక ఈనాటిది కాదు. 1846లో ఆనా థిన్ అనే మహిళ ఇంగ్లండులోని టార్కీ తీరంలో రాతి పగడాలను సేకరించి, సముద్రపు నీరు నింపిన జాడీలో వాటిని లండనుకు తీసుకొని వెళ్ళింది. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా ఉండడానికి, తెరచిన కిటికీ దగ్గర ఆ నీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రలోకి పదేపదే పోయించేది. తరువాత సముద్రపు నాచును కూడ అందులో చేర్చింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపలశాలను తెరిచారు. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథంతో ‘అక్వేరియం’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది.

నేడు ఎందరో తమ ఇళ్ళలో మంచినీటి చేపలను పెంచుతున్నారు. వారిలో కొందరు అదే తొట్టిని ఉప్పునీటి తొట్టిగా మార్చాలని ఉత్సాహపడుతుంటారు. నీటిలో ఉప్పు కలిపితే చాలు, సముద్రం సిద్ధమైపోతుందని పలువురి భావన. ఇది పొరపాటు. మంచినీటి చేప దేహంలోని లవణాల గాఢత చుట్టూ ఉన్న నీటిలోకంటె ఎక్కువ. కనుక ద్రవాభిసరణం వల్ల నీరు ఎడతెగక దాని దేహంలోకి ప్రవేశిస్తుంది. ఆ నీటిని మూత్రపిండాలు బయటికి పంపుతూ ఉంటాయి. సముద్రపు చేప పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. దాని దేహంలోని నీటిని చుట్టూ ఉన్న ఉప్పునీరు లాగివేస్తుంది. అందువల్ల అది నిరంతరం సముద్రజలాన్ని తాగుతూ, అదనపు లవణాలను మొప్పల ద్వారా విసర్జిస్తుంది. నీటి నడుమ నివసిస్తూ దాహంతో పోరాడే ప్రాణి అది! కాబట్టి తొట్టిని మార్చేవారు ముందుగా పాత చేపలకు వేరొక ఆశ్రయం కల్పించాలి.

ఒక కిలో సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో దాదాపు 85 శాతం వంటింటి ఉప్పులో ఉండే సోడియం, క్లోరైడులే. మిగిలిన భాగంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు మొదలైనవి ఉంటాయి. ఆ కొద్ది భాగమే లేకపోతే పగడం గూడు కట్టలేదు. అందుచేత వంటింటి ఉప్పు ఇక్కడ పనికిరాదు. సముద్రజలానికి సరిపోయే లవణ మిశ్రమాన్ని, క్లోరిన్ లేని శుద్ధజలంలో, వేరొక పాత్రలో కలిపి, ఒక రోజంతా నీటిని కదిలిస్తూ ఉంచి, తరువాత తొట్టిలో పోయాలి. వంద లీటర్ల నీటికి సుమారు మూడున్నర కిలోల మిశ్రమం పడుతుంది. హైడ్రోమీటరుతో కొలిస్తే నీటి విశిష్ట గురుత్వం 1.025కు దగ్గరగా ఉండాలి.

పాత తొట్టిలోని గాజు పలకలు పనికివస్తాయి. కాని నీటి మొక్కలు ఉప్పునీటిలో బతకవు. అలంకారానికి ఉంచిన కొయ్య నీటిని ఆమ్లగుణంవైపు మళ్ళిస్తుంది. సముద్రజలానికి క్షారగుణం అవసరం కాబట్టి, కొయ్యను తొలగించి, గులకరాళ్ళ స్థానంలో సున్నపు గుణం గల ఇసుకను పరచాలి. మరొక విషయం మరువరాదు. చేపల జబ్బులకు రాగి కలిసిన మందును గతంలో వాడి ఉంటే, ఆ రాగి తొట్టిలోని రాళ్ళలోను, ఇసుకలోను నిలిచిపోయి క్రమంగా నీటిలోకి వస్తుంది. చేపలు తట్టుకోగల రాగి పగడాలకు, రొయ్యలకు ప్రాణాంతకం.

నీరు సిద్ధమైనంత మాత్రాన చేపలను వదలరాదు. చేపల విసర్జనలనుండి, మిగిలిన ఆహారంనుండి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగా మారుస్తుంది. అది కూడ హానికరమే. మరొక రకం బాక్టీరియా నైట్రైటును అంతకంటె చాలా తక్కువ హాని గల నైట్రేటుగా మారుస్తుంది. ఈ సూక్ష్మజీవులు సందులున్న రాళ్ళమీద, ఇసుకలో, ఫిల్టరులో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చిన్న రొయ్యముక్కను నీటిలో కుళ్ళనిచ్చి ఆ బాక్టీరియాకు ఆహారం అందిస్తారు. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ శూన్యమని తేలిన తరువాతనే తొలి చేపకు ఆ నీటిలో చోటు. కంటికి కనిపించే ప్రాణికంటె ముందు కంటికి కనిపించని ప్రాణిని పెంచాలన్నమాట.

ఇక వేటచేపల సంగతి. వీటిలో లయన్ ఫిష్ ప్రసిద్ధమైనది. విసనకర్రల వంటి రెక్కలను విప్పి, చిన్న చేపను ఒక మూలకు తరిమి, ఒక్కసారిగా మింగివేస్తుంది. ఇది అడుగుకు పైగా పెరుగుతుంది కాబట్టి దీనికి నాలుగైదు వందల లీటర్ల తొట్టి కావాలి. దీని వీపుమీది ముళ్ళలో విషం ఉంటుంది. ముల్లు గుచ్చుకొంటే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచి, వెంటనే వైద్యుని సంప్రదించాలి.

పగడాల అవసరాలు వేరు. వాటి కణాలలో సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో ఆహారాన్ని తయారుచేసి, అధికభాగాన్ని పగడానికి అందిస్తాయి. అందువల్ల పగడాలకు బలమైన వెలుగు, కదిలే నీరు, సుమారు 25 డిగ్రీల ఉష్ణోగ్రత, అత్యంత నిర్మలమైన జలం కావాలి. నీరు మితిమీరి వేడెక్కితే పగడం ఆ శైవలాలను వెలివేసి తెల్లబడుతుంది. తొట్టి నీరు ఆవిరైనప్పుడు ఉప్పు వెనుకనే మిగిలిపోతుంది. ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. ఉప్పునీరు పోస్తే లవణీయత పెరిగిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లయన్ ఫిష్ పగడాన్ని కొరకదు. కాని మాంసాహారి కావడంచేత దాని విసర్జనలు ఎక్కువ. వాటివల్ల నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగుతాయి. ఫాస్ఫేటు అధికమైతే పగడాల గూడు నిర్మాణం కుంటుపడుతుంది. నాచు విజృంభించి వాటిని కప్పివేస్తుంది. తొట్టిని శుభ్రం చేసే చిన్న రొయ్యలను కూడ ఆ చేప మింగివేస్తుంది. మహాసముద్రంలో ఈ రెండింటికీ చోటుంది. కొన్ని వందల లీటర్ల నీటిలో ఒకదాని భోజనమే మరొకదానికి ముప్పు అవుతుంది. వాటిని కలిపి పెంచేవారు ఫిల్టరుతోపాటు నురుగు ద్వారా మలినాలను తొలగించే పరికరాన్ని అమర్చి, తరచు కొంత నీటిని మారుస్తూ ఉండాలి. చేపకు ఆహారం మితంగా పెట్టాలి. ఇంత శ్రమకు సిద్ధపడనివారు రెండింటిలో ఒకదానినే ఎంచుకోవడం వివేకం.

ఎంపికలో చట్టాన్ని కూడ గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలను పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. మన్నారు సింధుశాఖలోగాని, లక్షద్వీపాలలోగాని, అండమాన్ దీవులలోగాని వాటిని పెకలించడం, వాటితో వ్యాపారం చేయడం నేరం. వాటిని సముద్రంలోనే చూసి ఆనందించాలి.

తొట్టిలోని ప్రాణి భారమైనప్పుడు దానిని నీటిలో వదలివేయడం మరొక అనర్థం. లయన్ ఫిష్ హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందినది. 1985లో అది అట్లాంటిక్‌లో ఫ్లోరిడా తీరాన కనిపించింది. అక్వేరియంలనుండి వదిలిన చేపలే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నేడు అది కరేబియన్ సముద్రమంతటా వ్యాపించింది. బహామాస్ దీవులలో జరిపి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఈ చేప చేరిన చిన్న ప్రవాళ భిత్తికలమీద కొత్తగా వచ్చి చేరే స్థానిక చేపపిల్లల సంఖ్య ఐదు వారాలలోనే 79 శాతం తగ్గినట్లు తేలింది.

సముద్రంలో అలలు, ఎండ, సూక్ష్మజీవులు కలిసి అనుక్షణం చేసే పనిని గాజుతొట్టిలో ఒక మనిషి తన భుజాలమీద వేసుకొంటాడు. ఆ భారాన్ని తెలుసుకొని, ఓపికతో మోయగలవానికే ఆ సౌందర్యాన్ని ఇంటికి ఆహ్వానించే అర్హత ఉంటుంది.