ఇంటి కప్పుపై నీటి మరక

సుక్మా జిల్లాలో, కుంటకు పోవు రహదారిపైనున్న ఎర్రబోరు ప్రాంతమున మట్టిగోడలు, నాటుపెంకుల కప్పుగల ఇండ్లు కలవు. సిమెంటు స్లాబు ఇండ్లును వెలసినవి. జూన్‌లో వానలు పట్టినది మొదలు ఏ ఇల్లు కురియుచున్నదో లోపలి మరకయే తెలుపును. కాని మరక కనిపించినచోటనే పెంకు పగిలినదని తలపరాదు. నీరు వాసము వెంబడి జారి, మూరల దూరమున బొట్టుగా రాలవచ్చును. కావున మరకనుండి కప్పు ఎగువవైపునకు వెదకవలెను.

మరక అంచును బొగ్గుతో గీసి, తరువాతి వాన వెలిసిన పిదప చూడవలెను. గీత దాటి తడి వ్యాపించినచో కప్పు ఇంకను కురియుచున్నదన్నమాట. ఒకదానిలోనొకటిగా గోధుమవన్నె వలయములున్నచో ఆ చోటు పలుమార్లు తడిసి ఆరినది. వాన లేని చలికాలపు తెల్లవారుజామున రేకుల క్రింద పట్టు చెమ్మ వేరు. అది గాలి ఆడనందున కలుగును.

అన్నిటికంటె ముఖ్యముగా చూడవలసినది వాసములు గోడపై ఆనుచోటు. జనులు నడిమింటి మరకనే చూచి దీనిని మరతురు. అచట మేకు మొనతో గ్రుచ్చినపుడు కలపలో సులువుగా దిగినచో అది పుచ్చినది. మట్టిగోడ తల నానినచో కప్పు బరువునకు గోడయే కూలవచ్చును. 2022 జులైలో గోదావరి వరదవలన శబరి ఎగదన్ని కుంటలో ఇండ్లను ముంచినపుడు గోడలు క్రిందినుండి నానినవి. కప్పు కురిసినపుడు పైనుండి నానును. రెండును ప్రమాదకరములే.

స్లాబునకు తుప్పువన్నె చారలు, కమ్మీల వెంబడి బీటలు చేటు సూచనలు. కర్రతో మెల్లగా తట్టినపుడు డొల్ల మ్రోత వచ్చినచో గిలాబా ఊడిపడవచ్చును. తట్టువాడు ప్రక్కకు నిలువవలెను. సున్నము పూసి మరకను కప్పుట కురియుటను మాన్పదు.

తడి రెండు దినములు నిలిచినను బూజు పట్టవచ్చును. తడి, బూజు గల ఇండ్లలో నివసించువారికి దగ్గు, ఉబ్బసము, శ్వాసకోశవ్యాధులు హెచ్చుగా కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు తెలుపుచున్నవి. పసిపిల్లల పడకను అట్టి గదినుండి తీసివేయవలెను.

కప్పు క్రుంగినను, గోడ తల నానినను ఆ రాత్రియే వేరొకచోట పరుండవలెను. విద్యుద్దీపము చెంత నీరు కారుచున్నచో, తడి స్విచ్చిని ముట్టక, పొడిచోటనున్న మెయిను స్విచ్చిని కట్టివేయవలెను. వాన వెలిసి పెంకులు ఆరువరకు మరమ్మతునకై కప్పు ఎక్కరాదు.