బొగ్గు పోషించిన విద్య

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనసంఖ్యచే అన్నిటికంటె చిన్నదైన వయోమింగు, ఆరు లక్షలకు లోబడిన ప్రజలు గలదయ్యును, పౌడర్ నదీ ప్రాంతపు గనుల మూలమున ఆ దేశపు బొగ్గులో ఇంచుమించు ఐదింట రెండు పాళ్ళు త్రవ్వి పంపుచున్నది. అచ్చట ఆదాయపు పన్ను లేదు. 1969లో ఆరంభమైన ఖనిజ సుంకమును, గనుల కౌలు సొమ్మును పాఠశాలలను కట్టించినవి, ఉపాధ్యాయులకు జీతములిచ్చినవి, విద్యార్థులకు వేతనములైనవి. ఈ ఉపకారమును నేను తక్కువగా నెంచను. కాని పోషకుని ఇష్టానిష్టములు చదువులోనికి చొరబడకుండ నిలువరించుట కష్టము.

2011లో లారమీ పట్టణమందలి వయోమింగు విశ్వవిద్యాలయ ప్రాంగణమున క్రిస్ డ్రూరీ అను ఆంగ్ల శిల్పి, పురుగు తొలిచి చంపిన పైన్ దుంగలను, బొగ్గు పెళ్లలను సుడివలె పేర్చి, బొగ్గునకును, భూతాపమునకును, అరణ్యనాశమునకును గల సంబంధమును స్ఫురింపజేయు ‘కార్బన్ సింక్’ అను శిల్పమును నెలకొల్పెను. గనుల పక్షమువారును, కొందరు శాసనసభ్యులును ఆగ్రహించి, ఆ విద్యాపీఠమునకు ధనమెక్కడిదో జ్ఞాపకము చేసిరి. మరుసటి యేడే శిల్పము తొలగింపబడెను. 2014లో శాసనసభ, వాతావరణ మార్పును బోధింపజూచు నూతన విజ్ఞాన ప్రమాణములను విద్యామండలి పరిశీలించుటకైనను పైకము వెచ్చింపరాదని బడ్జెటులో షరతు వ్రాసెను. మరుసటి సంవత్సరము అది రద్దయ్యెను. కాని బాలురు ఏమి తెలిసికొనవలెనో ఖజానా నిర్ణయింపబూనుట నాకు మిక్కిలి వ్యథ కలిగించు విషయము.

ఇంతలో చౌకయైన సహజవాయువు విద్యుత్కేంద్రములలో బొగ్గును వెనుకకు నెట్టెను. 2008లో 46 కోట్ల టన్నులను మించిన ఉత్పత్తి 2020 నాటికి సగమునకు దిగిపోయెను. అన్య వృత్తులను పెంపొందింపవలెనని గవర్నరు మాట్ మీడ్ 2017లో ‘ఎండో’ అను ప్రణాళికను ప్రారంభించెను. 2018లో పాఠశాలలన్నిట కంప్యూటరు శాస్త్రము బోధింపవలెనని శాసనము చేసిరి.

అయితే ఇచ్చట వింతయైన చిక్కొకటి కలదు. గనిలో పని పెరిగినచో సుంకము పెరుగును. షయాన్ నగరమునకు కంప్యూటరు నిపుణుడు తరలివచ్చినచో ఆతని జీతమునుండి రాష్ట్రమునకు పన్ను రాదు, ఆతని పిల్లల చదువు, ఆతడు నడచు బాట మాత్రము రాష్ట్రపు భారమగును. కనుక క్రొత్త పరిశ్రమ ఎంత వర్ధిల్లిన ఖజానాకంత లోటు! పన్నుల పద్ధతి మార్చక వైవిధ్యమును కోరుట ఫలింపదనియే నా దృఢాభిప్రాయము. ఆ మాటను నిర్భయముగా చర్చింపవలసిన స్థానము విశ్వవిద్యాలయమే.

ఖజానాను గనుల ఆధారమునుండి తప్పించుటకు తొలి అడుగు పూర్వులే వైచియుండిరి. 1974లో రాజ్యాంగమును సవరించి, ఖనిజ సుంకములో కొంత భాగమును శాశ్వత నిధిగా కూడబెట్టిరి. దాని మూలధనమును ముట్టరాదు. దానిపై వచ్చు ఆదాయము నేడు రాష్ట్రపు ముఖ్య రాబడులలో నొకటి. గనుల యజమానుల అనుగ్రహముతో పనిలేకయే ఆ పైకము ఖజానా చేరుచున్నది.