కారులో తుపాకి, కిటికీకడ పోలీసు

మన పత్రికను చదువు సోదరీమణులలో ననేకులకు కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో నున్నారు. ఫోనులో మాటలాడునపుడు తల్లులు భోజనమును గూర్చియు, చలిని గూర్చియు, పిల్లల చదువును గూర్చియు నడుగుదురు. ఇంట తుపాకి యున్నదా, యున్నచో దానిని కారులో నెక్కడ నుంచుదురు, అని యడుగు తల్లిని మేమింతవఱకు చూడలేదు. ఆ దేశమున నది యడుగదగిన ప్రశ్నయే. 2017వ సంవత్సరపు లెక్కలో నచ్చటి ప్రజలయొద్ద ముప్పదితొమ్మిది కోట్లకు పైగా తుపాకులున్నవని యంచనా వేసిరి. అనగా మనుష్యులకంటె తుపాకులే యెక్కువ.

మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు పొందిననే గాని తుపాకి నుంచుకొనరాదు. ఆ లైసెన్సు దొరకుటయు సులభము కాదు. అందుచేత తుపాకి గల గృహిణికి రావలసిన చిక్కులు మన యూహకు రావు. ఇంటిలో తుపాకి యుండదగునా, తగదా అను వాదమును మేమిచ్చట నెత్తుకొనబోము. ఉన్నదనుకొందము. భార్యాభర్తలు పిల్లలతో కారులో పోవుచున్నారు. వెనుక నెఱ్ఱ దీపములు, నీలి దీపములు మెఱసినవి. పోలీసు కిటికీయొద్దకు వచ్చి, “కారులో నాయుధములేమైన నున్నవా?” యని యడిగెను. అపుడు చెప్పవలసిన దేమి, చెప్పువిధ మెట్టిది? ఇంతియే మా విషయము.

అంతకు ముందొక మాట చెప్పక తప్పదు. ఉద్యోగపు వీసామీదను, చదువు వీసామీదను, అట్టివారి భార్యగా వచ్చిన వీసామీదను నున్నవారు తుపాకిని గాని, గుండ్లను గాని యుంచుకొనుట అమెరికా కేంద్ర చట్టము ప్రకారము సామాన్యముగా నేరము. రాష్ట్ర మిచ్చిన వేట లైసెన్సు గలవారి కొక మినహాయింపు కలదు. గ్రీనుకార్డు గలవారికిని, పౌరులైనవారికిని ఈ యడ్డు లేదు. స్నేహితుని తుపాకియే కదా యని తన కారులో వేసికొని తిరుగుట కూడ ‘ఉంచుకొనుట’ క్రిందికే రావచ్చును. అట్టి నేరము దేశమునుండి పంపివేయుటకు సైతము దారితీయును. మన కుఱ్ఱవాండ్రు కొందఱు వేడుకకై గుఱి నేర్చుకొను స్థలములకు పోవుచుందురని వినుచున్నాము. ఈ సంగతి వారికి తెలిసియుండుట మేలు.

ఇక దారిలో నాపుట. మన యూళ్లలో పోలీసు చేయి చూపినంతనే డ్రైవరు క్రిందికి దిగి, కాగితములు చేతబట్టుకొని, ఆయనయొద్దకు నడచిపోవును. అది మన మర్యాద. అమెరికాలో నట్లు దిగి పోలీసువైపు నడచుట యపాయకరము. అచ్చట కదలక కారులోనే కూర్చుండవలయును. రాత్రియైనచో లోపలి దీపము వెలిగింపవలయును. రెండు చేతులును స్టీరింగు చక్రముమీద కనబడునట్లుంచవలయును. ఇండియానుండి క్రొత్తగా పోయినవారు మర్యాద చేయబోయి దిగుదురు. దాని నెదుటివాడు దాడి యనుకొనవచ్చును.

పోలీసు దిగుమని యాజ్ఞాపించినచో మాత్రము దిగవలసినదే. ఫిలడెల్ఫియాలో మిమ్సు అను నాతని కారు, నెంబరు బిళ్ల గడువు తీరినదని యాపిరి. దిగుమనగా దిగెను. కోటు క్రింద నుబ్బు కనబడెను. తడిమి చూడగా రివాల్వరు దొరకెను. దిగుమనుట తప్పా, యొప్పా యని వివాదము సుప్రీముకోర్టు వఱకు పోయెను. డ్రైవరును దింపు నధికారము పోలీసునకు కలదని 1977లో తీర్పు వచ్చెను. ప్రక్కనున్న ప్రయాణికులను సైతము దింపవచ్చునని 1997లో చెప్పిరి. కావున భార్య “నేను నడపుట లేదు గదా” యని వాదించుటకు తావు లేదు.

ప్రశ్నల సంగతి వేఱు. దారిప్రక్కన నడుగు ప్రశ్నలు నిర్బంధములో నడుగునవి కావనియు, అందుచేత “నీవు మౌనముగా నుండవచ్చును” అని పోలీసు ముందుగా హెచ్చరింప నక్కఱలేదనియు 1984లో సుప్రీముకోర్టు తేల్చెను. హెచ్చరిక లేకపోవుటచే మౌనపు హక్కు పోలేదు. గుర్తుచేయువాడు లేడు, అంతియే. ఎచ్చటికి పోవుచున్నారు, ఎందుకు పోవుచున్నారు అను ప్రశ్నలకు వినయముగా జవాబు మానుకొనవచ్చును. కారు వెదకనిమ్మని యడిగిన, ఇష్టము లేదని చెప్పవచ్చును. “కాదనవచ్చును” అని పోలీసు తనంతట చెప్పవలసిన పని లేదని 1973లోనే తీర్పు కలదు. పెద్దమనిషి యడిగినాడు, కాదనుట యెట్లని తల యూపుట మనవారికి సహజము. ఆ తల యూపుటయే సమ్మతి యగును.

తుపాకి ప్రశ్నకు మాత్రము రాష్ట్రమునకొక తీరున జవాబున్నది. మిషిగనులో తుపాకి ధరించినవారు అడుగకమునుపే వెంటనే చెప్పవలయును. టెక్సాసులో తుపాకి లైసెన్సు గలవాడు ఆయుధము ధరించియుండగా, గుర్తింపు కాగితము నడిగిన పోలీసునకు ఆ లైసెన్సును కూడ చూపవలయునని చట్టము. ఆ రాష్ట్రమున 2021 సెప్టెంబరునుండి లైసెన్సు లేకయే పిస్తోలు ధరించుటకు పెక్కుమందికి వీలు కలిగినది. ఒహాయోలో వెంటనే చెప్పవలసిన విధి యుండెడిది. 2022 జూనునుండి, అడిగినపుడు చెప్పిన చాలునని మార్చిరి. మినసోటాలోను అడిగిననే చెప్పవలయును. ఒక రాష్ట్రమున నేరము కానిది సరిహద్దు దాటగానే నేరమగు దేశమది. సెలవులలో నాలుగు రాష్ట్రములు దాటి బంధువుల యింటికి పోవువారు బయలుదేరకముందే యీ సంగతి విచారించుకొనవలయును.

చెప్పవలసిన విధి లేనిచోట నోరు మెదపకుండుటయే మేలని కొందఱు న్యాయవాదులు చెప్పుదురు. అడుగనిచోట వారి మాట కొంత నిజమే. అడిగిన తరువాత మాత్రము “లేదు” అని యబద్ధమాడుట యెన్నడును తగదు. మౌనము హక్కు, అబద్ధము హక్కు కాదు. పైగా వెనుక సీటులోని పసివాడు “నాన్నదగ్గఱ నున్నది గదా!” యని పలికినచో తండ్రి గతి యేమి?

అడుగకముందే మర్యాదగా చెప్పినవానికి జరిగినదానిని ఇపుడు చెప్పవలసియున్నది. మినసోటాలోని సెయింటుపాలు నగరమున ఫిలాండో కాస్టిలు అను ముప్పదిరెండేండ్ల నల్లజాతి యువకుడు ఒక పాఠశాలలో భోజనశాల పర్యవేక్షకుడుగా నుండెను. పిల్లల పేర్లును, ఏ బిడ్డకు ఏ పదార్థము పడదో అదియు నాతనికి కంఠస్థమని తోడివారు చెప్పిరి. భోజనమునకు డబ్బు లేని బిడ్డకు తన జేబునుండి యిచ్చినాడని కూడ చెప్పిరి. ఆతని కారును పోలీసులు 2002 మొదలు నలువదికంటె నెక్కువ మారులు చిన్నచిన్న కారణములకే యాపియుండిరి.

2016 జూలై 6వ తేదీ రాత్రి తొమ్మిది గంటలవేళ, ఆ నగరమున కానుకొనియున్న ఫాల్కనుహైట్సులో మఱల నాపిరి. బ్రేకు దీపము వెలుగుట లేదనుట చెప్పిన కారణము. ఆ పోలీసు అంతకుముందు రేడియోలో, ఆతని వెడల్పు ముక్కును జూడగా దోపిడి చేసినవానివలె నున్నాడని చెప్పియుండెను. కారులో కాస్టిలు ప్రక్కన నాతని స్నేహితురాలును, వెనుక నామె నాలుగేండ్ల బిడ్డయు నుండిరి. పోలీసు లైసెన్సును, ఇన్సూరెన్సు కాగితమును అడిగెను. కాస్టిలు ఇన్సూరెన్సు కాగితము నిచ్చెను. పిదప, తనయొద్ద తుపాకి యున్నదని తెలుపవలసియున్నదని శాంతముగా, “అయ్యా” యని సంబోధించియే, చెప్పెను. ఆతనికి పర్మిటు కలదు. ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము అడుగకమునుపు చెప్పనక్కఱయే లేదు. పోలీసు దానిని తీయవద్దనెను. తీయుట లేదని కాస్టిలును, తీయుట లేదని స్నేహితురాలును చెప్పిరి. కొలది క్షణములలో ఏడు గుండ్లు ప్రేలినవి. ఆ రాత్రియే కాస్టిలు మరణించెను.

ఆతడు లైసెన్సునకై చేయి పెట్టెనని స్నేహితురాలు చెప్పెను. తుపాకికై పెట్టెననుకొని ప్రాణభీతిచే కాల్చితినని పోలీసు చెప్పెను. 2017 జూను 16న జూరీ ఆ పోలీసును నిర్దోషియని విడిచిపెట్టెను. తల్లి వాలెరీ కాస్టిలునకు పరిహారముగా దాదాపు ముప్పది లక్షల డాలర్లు చెల్లించుట కొడంబడిరి. తరువాత బయటపడిన పోలీసుకారు చిత్రములో, ఆ నాలుగేండ్ల పసిది తల్లి నోదార్చుచుండుట లోకమెల్ల చూచినది. తల్లి యైనదేదియు దానిని కన్నీరు లేక చూడజాలదు.

దీనినుండి, నిజము చెప్పుటయే తప్పని తీసికొనరాదు. చెప్పినవాడు తప్పు చేయలేదు. తప్పెచ్చటనున్నదో మా యభిప్రాయమును దాచనక్కఱలేదు: ఆగిన ప్రతి కారులోను మృత్యువు కూర్చున్నదని నేర్పు పోలీసు శిక్షణ కొంత కలదు, కాస్టిలును కాల్చిన పోలీసు 2014లో నట్టి తరగతికి పోయియుండెను. దానికి రంగుమీది యనుమానము తోడయ్యెను. పౌరుని వినయ మెంత గొప్పదైనను, ఎదుటివాని భయమునకది పూర్తిగా మందు కాదు. అయినను మన చేతిలో నున్నంత మనము చేయవలయును గదా.

మాటల క్రమ మొకటి మన చేతిలో నున్నది. “నాయొద్ద తుపాకి యున్నది” అనుట దొంగలు దుకాణములలో పలుకు మాట. పోలీసు చెవికి మొదట నదియే సోకిన, తరువాతి మాటలు వినబడవు. పర్మిటును గూర్చి ముందు చెప్పవలయును, పిదప ఆయుధ మెచ్చటనున్నదో చెప్పవలయును, “తమరేమి చేయుమందురు?” అని యడిగి యూరకుండవలయును. అంతవఱకు చేతులు చక్రముమీదనే యుండవలయును. లైసెన్సు తీయుమనినను, తుపాకి యెచ్చట, లైసెన్సు యెచ్చట యని చెప్పి, తీయుటకు సెలవడిగి, ఆ తరువాతనే మెల్లగా చేయి కదపవలయును.

మఱియొకటి వస్తువుల చోటు. ఇది గృహిణి చేతిపని. కారు కాగితములుండు ముందరి సొరుగులోనే పిస్తోలు నుంచు నలవాటు చాలమందికి కలదు. కాగితములకై సొరుగు తెఱవగానే పోలీసు కన్నులకు మొదట కనబడునది పిస్తోలు! చేతిసంచి సంగతియు నంతియే. అచ్చటి స్త్రీలలో పిస్తోలును చేతిసంచిలో వేసికొనువారు కలరు. ఆ సంచిలోనే లైసెన్సును, బిడ్డ పాలసీసాయు, తాళపుచెవులును నుండును. రెండును ఒకచోట నుండరాదు. తుపాకి తనకు ఇంటికడను, పోవుచోటను న్యాయముగా నుంచుకొనదగినదై, మధ్యనున్న రాష్ట్రములను దాటి పోవువారికి 1986వ సంవత్సరపు కేంద్ర చట్టము కొంత రక్షణ నిచ్చుచున్నది. అయితే తుపాకిలో గుండ్లుండరాదు; తుపాకిగాని గుండ్లుగాని చేతికందునట్లుండరాదు; వెనుక వేఱు అఱ లేని బండియైనచో, తాళము వేసిన పెట్టెలో నుండవలయును. ముందరి సొరుగునకు తాళమున్నను ఆ సొరుగు పనికిరాదని చట్టమే చెప్పుచున్నది.

ప్రక్కన కూర్చున్న భార్య చేతులు ఒడిలో కనబడునట్లుంచి, భర్త మాటలాడుచుండగా నడుమ రాకుండుట మంచిది. భర్తతో తెలుగున గుసగుసలాడుట యంతకంటె మానదగినది. మనకది “జాగ్రత్త” యను మాట. అర్థము తెలియని పోలీసునకది కుట్ర. ఏడ్చు బిడ్డకై వెనుకకు వంగవలసివచ్చిన, “బిడ్డను చూచుకొందును” అని ముందు పైకి చెప్పవలయును.

కాస్టిలు మరణానంతరము ఆతని తల్లి యూరకుండలేదు. ఆతని పేర నేర్పడిన నిధి, భోజనపు బాకీ పడిన బడిపిల్లల ఋణములను తీర్చెను. మినసోటా డ్రైవర్ల చేతిపుస్తకములో, ఆయుధము గలవారు కారు నాపినపు డెట్లు నడుచుకొనవలయునో తెలుపు మాటలు 2018లో చేరినవి; అందులో నామె కృషి కలదు. పిదప నామె, మఱియొక స్త్రీతో కలిసి, ఒక చిన్న సంచిని ప్రచారములోనికి తెచ్చెను. అద్దమువలె లోపలిది కనబడు ప్లాస్టికు సంచి యది. కారులో గాలి వచ్చు కంతకడ తగిలింతురు. లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితములు దానిలో నుండును. అడిగినపుడు జేబులోనికి గాని, సొరుగులోనికి గాని, చేతిసంచిలోనికి గాని చేయి పోనక్కఱలేదు.