నిద్రలో పళ్ళు కొరికే పిల్లలు: అంకెలు ఎటు చూడమంటున్నాయి?

నూరు మంది పిల్లల్లో ఎందరు నిద్రలో పళ్ళు కొరుకుతారు? అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను వడపోసిన 2013 నాటి సమీక్ష ఒకటి 3.5 నుంచి 40.6 దాకా అంది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో సమీక్ష 5.9 నుంచి 49.6 దాకా అంది. అంటే ముప్పై మందిలో ఒకరు కావచ్చు, ఇద్దరిలో ఒకరూ కావచ్చు. ఏ డాక్టరైనా ఇలాంటి జవాబు చెబితే మనం ఇంకో డాక్టర్ని వెతుక్కుంటాం. కానీ అసలు సంగతి సగం ఈ తేడాలోనే ఉంది.

పిల్లల దవడలు దేశానికొక రకంగా ఉండవు. లెక్కపెట్టే తీరు మాత్రం మారుతుంది. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమ్మానాన్నల్ని అడిగి రాసుకున్నవే. ‘ఎప్పుడైనా కొరికాడా?’ అని అడిగితే ఒక అంకె వస్తుంది, ‘వారంలో ఎన్ని రాత్రులు?’ అని అడిగితే ఇంకోటి వస్తుంది. తలుపు మూసిన వేరే గదిలో పడుకున్న పిల్లాడి పళ్ళ చప్పుడు ఎవరి లెక్కలోకీ రాదు. మన ఇళ్ళలో పిల్లలు అమ్మ పక్కనో నానమ్మ పక్కనో పడుకుంటారు కాబట్టి చప్పుడు బాగా వినబడుతుంది, దాంతోపాటే భయమూ. అడిగి తెలుసుకున్నదానికీ కొలిచి చూసినదానికీ దూరం ఎంతో బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో పెద్దవాళ్ళ మీద తేల్చారు. 1,042 మందిని ప్రశ్నలు అడిగితే 12.5 శాతం పళ్ళు కొరుకుతున్నట్టు వచ్చింది. వాళ్ళనే ఒంటికి తీగలు తగిలించి ప్రయోగశాలలో పడుకోబెడితే 7.4 శాతమే తేలారు. రెండు లెక్కల్లోనూ కనబడినవాళ్ళు 5.5 శాతం. మనుషులు వాళ్ళే, అంకెలు మాత్రం మూడు.

ఒక్కసారి అడిగి వదిలేయకుండా ఒకే పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాలు ఇంతకంటే ఎక్కువ పనికొస్తాయి. కెనడాలోని క్విబెక్‌లో దాదాపు వెయ్యి మంది పిల్లల్ని రెండున్నరేళ్ళ వయసు నుంచి ఆరేళ్ళ దాకా గమనించి 2007లో ఫలితాలు ప్రచురించారు. రెండున్నరేళ్ళప్పుడు పళ్ళు కొరికినవాళ్ళు 10.4 శాతం, ఆరేళ్ళకు 32.6 శాతం. ఆ మధ్య కాలంలో ఎప్పుడో ఒకప్పుడు కొరికినవాళ్ళందరినీ కలిపితే 45.6 శాతం. బడిలో చేరే వయసు వచ్చేసరికి దాదాపు సగం మంది ఈ దారిలో నడిచినవాళ్ళే. మరి ఈ దారి ఎక్కడ ఆగుతుంది? 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న, పళ్ళు కొరికే 126 మంది పిల్లల్ని అయిదేళ్ళ తర్వాత మళ్ళీ చూశారు. ఇంకా కొరుకుతున్నవాళ్ళు 17 మంది. మిగిలిన 109 మందికి అలవాటు పోయింది. పక్కింటి పిన్నిగారికి ఎవరైనా ఈ అంకె ముందే చెప్పి ఉంటే ఎన్నో తాయెత్తులు మిగిలేవి.

పసిపిల్లల సంగతి ఇంకా తేలిక. ఆరో నెల అటూ ఇటూగా కింది ముందు పళ్ళు రెండు వస్తాయి, పై పళ్ళు ఎనిమిదో నెలకో పదో నెలకో మొదలవుతాయి. పైనా కిందా ఎదురెదురుగా పళ్ళు వచ్చాక పాపాయికి కొత్త ఆట దొరుకుతుంది. ఆ చప్పుడు విని అమ్మ ఉలిక్కిపడితే ఆట ఇంకా రక్తి కడుతుంది. మూడేళ్ళు నిండేసరికి 20 పాల పళ్ళూ వచ్చేస్తాయి. ఆరేళ్ళ దగ్గర మొదటి శాశ్వత దంతం మొలిచి, పన్నెండేళ్ళకు పాల పళ్ళన్నీ రాలిపోతాయి. పిల్లలు ఎక్కువగా కొరికే వయసంతా దాదాపు ఈ మార్పుల నడుమే గడిచిపోతుంది.

అసలు నిద్రలో ఏం జరుగుతుంది? దవడ కండరాలు నిద్రలో అప్పుడప్పుడూ లయగా బిగిసి వదలడం రోగం కాదు. పళ్ళు కొరకని ఆరోగ్యవంతులైన పెద్దల్లో కూడా 60 శాతం మందిలో ఈ కదలిక కనబడింది. ఎక్కువగా ఇది గాఢ నిద్రలో కాకుండా పైపై నిద్రలో వస్తుంది. మెదడు మూడు నుంచి పదిహేను సెకన్ల పాటు మెలకువ అంచుకు వచ్చి మళ్ళీ నిద్రలోకి జారుకునే క్షణాలతో దీనికి ముడి ఉంది. క్రమం కూడా కొలిచారు. మొదట శరీరంలో ఉద్రేకాన్ని నడిపే నాడీ వ్యవస్థ కొన్ని నిమిషాల ముందే చురుకవుతుంది. నాలుగు సెకన్ల ముందు మెదడు తరంగాలు వేగం అందుకుంటాయి. ఒక్క గుండెచప్పుడుకు ముందు గుండె వేగం పెరుగుతుంది. సెకనులో పదింట ఎనిమిది వంతుల ముందు దవడ తెరిచే కండరాలు కదులుతాయి. ఆ తర్వాతే పళ్ళు పటపటమంటాయి. మనకు వినబడే చప్పుడు ఈ వరుసలో చిట్టచివరిది. అందుకే పళ్ళ దగ్గర కారణం వెతకడం ఆలస్యంగా మొదలైన దర్యాప్తు లాంటిది. నిద్రను కదిలిస్తున్నది ఏమిటని అడగాలి. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా, మిగతా విధాలా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో దీన్ని నిద్ర జబ్బుగానో కదలికల జబ్బుగానో పరిగణించవద్దని తేల్చింది.

ఇక పురుగుల సంగతి. తెలుగు ఊళ్ళలో పిల్లాడు రాత్రి పళ్ళు కొరికితే వెంటనే వినిపించే మాట ‘కడుపులో పురుగులున్నాయి, మందు వేయండి’. బ్రెజిల్లోనూ ఇరాన్‌లోనూ ఇదే నమ్మకం ఉంది కాబట్టి అక్కడివాళ్ళు పరీక్షించి చూశారు. బ్రెజిల్ అధ్యయనం పళ్ళు కొరికే పిల్లల్నీ కొరకని పిల్లల్నీ పోల్చి, పురుగులకూ దీనికీ సంబంధం లేదంది. ఇరాన్ అధ్యయనం ఉందంది. రెండూ చిన్నవే. పెద్ద తూకం వేసేంత బరువు దేనికీ లేదు.

ఇక్కడ అధ్యయనాలకంటే కూడికలు, తీసివేతలే ఎక్కువ సాయం చేస్తాయి. ఒక ఊళ్ళో నూరు మంది పిల్లలున్నారనుకుందాం. ముప్పై మంది పళ్ళు కొరుకుతారు, ఇరవై మందికి పురుగులున్నాయి, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా రెండూ ఉన్న పిల్లలు ఆరుగురు తేలతారు. పళ్ళు కొరికే ముప్పై మందిలో పురుగులున్నవాళ్ళు ఆరుగురు, అంటే 20 శాతం. కొరకని డెబ్బై మందిలో పద్నాలుగు మంది, అదీ 20 శాతమే. కానీ కొరకని పిల్లలకు పురుగుల పరీక్ష చేయించమని ఏ నానమ్మా అడగదు కాబట్టి ఆ పద్నాలుగు మంది మన కంటపడరు. ఆరుగురే కనబడతారు, ఆ ఆరుగురే రుజువుగా నిలబడతారు. పైగా పళ్ళు కొరకడం ఏ రాత్రీ ఒకేలా ఉండదు. ఒక వారం గోల, మరో వారం నిశ్శబ్దం. గోలగా ఉన్న వారం చూసి మాత్ర వేస్తాం, తర్వాతి వారం చప్పుడు తగ్గుతుంది, మంచిపేరు మాత్రకు పోతుంది.

అలాగని పురుగుల మందు వద్దనడం పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నేల ద్వారా సోకే కడుపు పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి ఉన్నాయి. మన దేశంలో 1 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో 24 కోట్ల మందికి ముప్పు ఉందని అంచనా. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో 1 నుంచి 19 ఏళ్ళవాళ్ళకు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. మోతాదు 400 మిల్లీగ్రాములు, రెండేళ్ళలోపు పిల్లలకు అందులో సగం. కొంకి పురుగులు రక్తం తాగి పిల్లల్ని పాలిపోయేలా చేస్తాయి, ఏలికపాములు తిన్నది ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేయడానికి ఈ కారణాలు చాలు, పళ్ళ చప్పుడును సాకుగా తెచ్చుకోనక్కర్లేదు. మలద్వారం దగ్గర రాత్రిళ్ళు దురద పెట్టే చిన్న తెల్ల పురుగుల విషయంలో మాత్రం నానమ్మ మాటకు కొంత చోటు ఉండవచ్చు. ఆడ పురుగు గుడ్లు పెట్టడానికి రాత్రిపూటే బయటికి వస్తుంది. దురదకు పిల్ల నిద్ర చెదురుతుంది. నిద్ర చెదిరితే దవడ కదలవచ్చు.

నిద్రను చెదరగొట్టేవాటిలో అంకెలు గట్టిగా వేలెత్తి చూపేది ఊపిరిని. రెండు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్ ఊపిరి దారితో పోల్చితే పెద్దవిగా ఉంటాయి. కొందరిలో అవి నిద్రలో దారిని మూసేస్తాయి. నిద్రలో ఊపిరికి ఇలా అడ్డంకి వచ్చే పిల్లలు 1.2 నుంచి 5.7 శాతం దాకా ఉంటారని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. బ్రెజిల్‌లో టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి శస్త్రచికిత్సకు వచ్చిన రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్ని దాదాపు 70 మందిని గమనించి 2004లో వివరాలు ప్రచురించారు. శస్త్రచికిత్సకు ముందు పళ్ళు కొరికేవాళ్ళు 45.6 శాతం, మూడు నెలల తర్వాత 11.8 శాతం.

ఈ అంకెనూ పురుగుల మాత్రను జల్లించినట్టే జల్లించాలి. శస్త్రచికిత్స అయిందని అమ్మానాన్నలకు తెలుసు, తగ్గిందని చెప్పాలనే ఆశ ఉంటుంది. పోల్చడానికి శస్త్రచికిత్స చేయని పిల్లల గుంపు లేదు. అయినా ఇందులో ఒకటి నన్ను ఆపుతుంది. వయసుతో సహజంగా తగ్గడానికి ఏళ్ళు పడుతుంది. 126లో 17కి రావడానికి అయిదేళ్ళు పట్టింది. ఇక్కడ నాలుగింట మూడు వంతులు మూడు నెలల్లో పోయింది. వయసు ఒక్కటే ఇంత తొందరగా ఆ పని చేయదు. పురుగుల మాత్రకు ఇలాంటి అంకె ఏదీ లేదు. అందుకే పళ్ళ చప్పుడు వినబడినప్పుడు ఇంకో చప్పుడు కోసం చెవి పెట్టమంటాను, గురక కోసం. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులో అంతకు మించో గురక పెట్టే పిల్లని డాక్టరుకు చూపించాలి. నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, ఊపిరి ఆగి ఎగశ్వాసతో మళ్ళీ అందుకోవడం, చెమటకు తల తడిసిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం ఇందులోకే వస్తాయి. పగలు తూగకుండా, ఉల్టా అదుపులేని అల్లరి చేసే పిల్లాడికి కూడా రాత్రి నిద్ర చాలకపోయి ఉండవచ్చు.

మిగతా కారణాలు క్లుప్తంగా. వంశం: 1998లో ఫిన్లాండ్ కవలల అధ్యయనం బాల్యంలో పళ్ళు కొరకడంలో కనబడే తేడాల్లో జన్యువుల వాటా మగవాళ్ళలో 49 శాతం, ఆడవాళ్ళలో 64 శాతం అంది. అవి పెద్దయ్యాక గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబులని గుర్తుంచుకుంటే సరి. పొగ: ఇంట్లో ఎవరో కాల్చే సిగరెట్ పొగను ఎక్కువగా పీల్చే పిల్లల్లో 2015 నాటి ఒక సమీక్ష 4.5 అనే నిష్పత్తి చూపింది. దీన్ని నాలుగున్నర రెట్ల మంది అని చదవకూడదు. పొగ లేని ఇళ్ళలో నూటికి ఇరవై మంది కొరికితే, ఈ నిష్పత్తితో పొగ ఉన్న ఇళ్ళలో 53 మంది దాకా అవుతారు, 90 మంది కారు. బీడీ మానడానికి 53 కూడా తక్కువ అంకె కాదు. ఏకాగ్రత లోపానికీ దిగులుకూ ఇచ్చే కొన్ని మందులు కూడా దవడను బిగిస్తాయి. కొత్తగా మందు మొదలయ్యాక చప్పుడు మొదలైతే ఆ డాక్టరుకే చెప్పాలి, మందు సొంతంగా ఆపేయకూడదు. బడి మారడం, ఇంట్లో గొడవలు, పరీక్షల దిగులు ఉండనే ఉన్నాయి.

పళ్ళు అరిగిపోవా అంటే, కొంత అరుగుతాయి. పాల పళ్ళ మీది గట్టి తెల్ల పొర మందం ఒక మిల్లీమీటరుకు మించదు, శాశ్వత దంతాల్లో అది రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అయిదారేళ్ళకు ముందు పళ్ళ అంచులు చదునవడం కొరకని పిల్లల్లోనూ మామూలే. రాత్రిపూట పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు గురించి చాలామంది అడుగుతారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 36 మందిలో కొందరికి తొడుగు పెట్టి, మిగతావాళ్ళతో పోల్చి చూసిన ఒక ప్రయోగంలో పళ్ళు కొరికే లక్షణాలు మొత్తంమీద తగ్గలేదు. పెరుగుతున్న దవడకు పెట్టిన తొడుగు ఎలాగూ కొన్నాళ్ళకే బిగువైపోతుంది.

మెలకువలో కొరకడం వేరు. పెద్దవాళ్ళలో తిండితో సహా రోజంతా కలిపి పై పళ్ళూ కింది పళ్ళూ తగిలే సమయం 17 నుంచి 20 నిమిషాలేనని ఒక పాత లెక్క. పగలంతా పళ్ళు బిగించి ఉండే పిల్లాడిని, ముఖ్యంగా నడక, మాట, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లాడిని డాక్టరుకు చూపించాలి. మెదడు పక్షవాతం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల్లో పళ్ళు కొరకడం ఎక్కువ, అది వయసుతో తేలిగ్గా పోదు. పొద్దున్నే దవడ నొప్పి, తలనొప్పి, పన్ను విరగడం, చల్లనీళ్ళకు పళ్ళు జివ్వుమనడం ఉంటే ఏ వయసులోనైనా పళ్ళ డాక్టరును కలవాలి.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీసుకోండి. ముఖంతోపాటు ఛాతీ కూడా కనబడాలి, చప్పుడు స్పష్టంగా వినబడాలి. గురకతోపాటు ఛాతీ లోపలికి పీల్చుకుపోవడం కనిపిస్తే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఊపిరి సాఫీగా ఉండి పళ్ళు మాత్రమే పటపటలాడుతుంటే ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరు అరుగుదల చూస్తే సరిపోతుంది.