తాళంచెవి మన దగ్గరే ఉండాలి

పాత పుస్తకాన్ని స్కాన్ చేయడం ఈ రోజుల్లో పెద్ద పనేమీ కాదు. ఆ స్కాన్ ఇరవై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా, అందులో ఒక పేరు వెతికితే దొరుకుతుందా అనేదే చూసుకోవాలి. గ్రంథాలయాధికారిగా రిటైరయ్యాక కూడా ఈ సంగతి మీద నేను నలుగురితో వాదులాడుతూనే ఉన్నాను. కారణం ఉంది.

నేను సర్వీసులో ఉండగా ఒక కంపెనీ మాకు కేటలాగ్ సాఫ్ట్‌వేర్ అమ్మింది. కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించాం. పుస్తకాల పేర్లు వాళ్లిచ్చిన ఫాంటుతోనే తెలుగులో కొట్టాం. కొన్నేళ్లకు కంపెనీ మూతపడింది, కొత్త కంప్యూటర్లలో ఆ ఫాంటు పనిచేయలేదు. ‘కన్యాశుల్కం’ అని కనపడాల్సిన చోట పిచ్చి గీతల వరస మిగిలింది. సమాచారాన్ని బయటికి లాగుదామంటే దారి లేదు. పాత కార్డుల పెట్టెను తూకానికి అమ్మేద్దామని పైవాళ్లు అన్నప్పుడు మా అటెండరు అడ్డం పడ్డాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే మా దగ్గర ఏ పుస్తకాలున్నాయో మాకే తెలిసేది కాదు.

బీరువా మనది, తాళంచెవి వేరేవాళ్లది అయితే ఇలాగే ఉంటుంది. ఓపెన్ సోర్స్ అంటే ఆ చెవి కూడా మనకే ఇవ్వడం. ప్రోగ్రాము లోపలి రాత అందరికీ కనపడుతుంది. చదవొచ్చు, మార్చుకోవచ్చు, పక్క ఊరి గ్రంథాలయానికి ఇవ్వొచ్చు. రాసినవాళ్లు మానేసినా ఇంకొకరు అందుకుని నడపొచ్చు. డబ్బు కట్టనక్కర్లేదన్నది కొసరు లాభం మాత్రమే.

న్యూజిలాండ్‌లో హొరొవెనువా అనే ప్రాంతపు గ్రంథాలయాలకు కూడా మా లాంటి కష్టమే వచ్చింది. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం వస్తే పనిచేయదని తేలింది. కొత్తది కొనే బదులు ఒక చిన్న సంస్థ చేత రాయించుకుని, 2000 జనవరి నుంచి వాడుకుని, దాన్ని లోకానికంతా వదిలేశారు. అదే కోహా. ఇప్పుడు మన దేశంలో ఎన్నో కాలేజీ లైబ్రరీలు నడుస్తున్నది దాని మీదే. ఛాయాచిత్రాలు, ఉత్తరాలు, వస్తువుల లాంటి చిన్న సేకరణలను ఇంటర్నెట్లో ప్రదర్శనగా పెట్టాలంటే ఒమెకా ఉంది. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసింది.

మన కథకు వస్తే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను అందరికీ అందించాలని సంకల్పించారు. ఆ ఒరవడిలోనే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. తెలుగు పుస్తకాలు అందులోకి బోలెడు చేరాయి. కానీ ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ ఫైలు. పేర్లేమో ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుతో. రచయిత పేరు చాలా వాటికి లేనే లేదు. పుస్తకం అక్కడే ఉన్నా మామూలు పాఠకుడికి దొరికేది కాదు. తర్వాత ఆ సైటే ఆగిపోయింది. అంతకుముందే ఔత్సాహికులు చిన్న ప్రోగ్రాములు రాసి దించుకోవడం, లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్ల మనకు మిగిలాయి. ఒక్క చోటే ఉన్న ప్రతిని నేను భద్రమైనదిగా లెక్కెయ్యను.

ఇక పాత పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని ఎలా సాగుతుందో చెబుతాను. కుట్టు వదిలిన పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. అందుకని దాన్ని సగమే తెరిచి, పైనుంచి కెమెరాతో తీస్తాం. పేజీలను విడదీయడానికి, వంకర సరిచేయడానికి స్కాన్‌టైలర్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. తర్వాత బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే పని టెసరాక్ట్‌ది. హెచ్‌పీ ప్రయోగశాలలో 1985లో మొదలైన ఈ ప్రోగ్రామును 2005లో బయటికి వదిలారు. ఆ తర్వాత చాలాకాలం గూగుల్ పోషించింది. తెలుగు కూడా చదువుతుంది.

చదువుతుంది గానీ, మా చిన్నప్పటి రెండో తరగతి పిల్లాడిలా! ‘ప’ని ‘వ’ అంటుంది, ‘ఘ’ని ‘ఫ’ అంటుంది. ‘థ’లో చుక్క మాసిపోతే అది ‘ధ’ అయిపోతుంది. అరసున్న ఉన్న పాత పుస్తకమైతే దాని తడబాటు చెప్పనక్కర్లేదు. ఇంకో చిత్రం, తెలుగు అంకెల్లో సున్నకీ, పూర్ణానుస్వారానికీ ఆకారంలో తేడా కంటికి ఆనదు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండూ వేర్వేరు. అది పొరపాటున ఒకదాని బదులు ఇంకొకటి పెట్టిందంటే, చూడ్డానికి పుట అంతా బాగానే ఉంటుంది, వెతికితే ఆ మాట దొరకదు. తాటాకు గ్రంథాల దగ్గర ఈ యంత్రాన్ని నమ్ముకోను. ఫొటో తీసి, ఏ గ్రంథం, ఎన్ని ఆకులు, ఎక్కడ విరిగింది అని మనిషే రాసుకోవాలి.

అందుకే, పాత పుస్తకాలను అందరూ కలిసి దిద్దే వికీసోర్స్ సైటు అంటే నాకు ఇష్టం. అక్కడ ఒక పక్క స్కాన్ బొమ్మ, మరో పక్క యంత్రం చదివిన పాఠం ఉంటాయి. పోల్చి దిద్దాలి. యంత్రం వదిలిన పుట ఎర్రరంగులో, ఒకరు దిద్దితే పసుపులో, రెండోవారు సరిచూస్తే ఆకుపచ్చలో కనపడుతుంది. దిద్దినవారే ఆకుపచ్చ చేసుకోవడానికి కుదరదు. ఈ నియమం పెట్టినవాళ్లకు ప్రూఫులు దిద్దిన అనుభవం ఉండి తీరాలి. పైగా అదంతా ఏ ఒక్క కంపెనీ ఫాంటుకూ కట్టుబడని యూనికోడ్ పాఠం కనుక రేపు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది.

ఇలాంటి సేకరణ మొదలుపెట్టాలంటే కొందరు మిత్రులు ముందు సర్వర్ కొనాలి, సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి అంటారు. నా మట్టుకు ముందు కావలసింది వివరాల పట్టిక. పేరు తెలుగులో, రచయిత, అచ్చయిన ఏడు, ముద్రణాలయం, పుస్తకం ఎవరి దగ్గర ఉంది, ఇవి చాలు. వేటపాలెం సారస్వత నికేతనంలో లాగా (1918లో పెట్టారు దాన్ని) పాత పత్రికలు దాచిన చోట్ల సంచిక, తేదీ కూడా విడిగా రాయాలి. పట్టిక సరిగ్గా ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోంచి ఏ సాఫ్ట్‌వేర్‌లోకైనా మార్చుకోవచ్చు.

హక్కుల సంగతి మరవకండి. మన చట్టం ప్రకారం, బతికుండగా పుస్తకం అచ్చయిన రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ, వీరేశలింగం పుస్తకాలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. శ్రీశ్రీ 1983లో పోయారు కనుక ఆయనవి 2044 దాకా ఆగాలి, లేదా హక్కుదారులు ఒప్పుకోవాలి.

మీ అటక మీద తాతగారి పుస్తకాలు ఉంటే పాతకాగితాలవాడికి వేసేముందు మొదటి పుట తిరగేసి, పేరూ ఏడూ ఒక కాగితం మీద రాసి పెట్టండి. పుస్తకాలు లేనివాళ్లు తెలుగు వికీసోర్స్ తెరిచి ఒక ఎర్రపుటను పసుపు చేయండి. తెలుగు చదవడం, టైపు చేయడం వస్తే చాలు.