తుపాకి వారసత్వపు ఆస్తియేనా?

బళ్లారి గాంధీనగర్‌లో ఒక ఇంటి పెద్దకు లైసెన్సు గల తుపాకి ఉన్నదనుకుందాం. ఆయన పోయిన తరువాత ఇల్లు, పొలం వలె అదికూడ కొడుకుకు చెందుతుందని చాలామంది భావిస్తారు. ఆస్తిగా చెందవచ్చును, దగ్గర ఉంచుకొనే హక్కు మాత్రం రాదు. లైసెన్సు మనిషికేగాని ఇంటికి కాదు. కనుక ఆలస్యం చేయక దానిని దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్దగాని అప్పగించి, వారసుడు తన పేర దరఖాస్తు పెట్టుకోవాలి. నాన్న గుర్తు అని బీరువాలో దాచుకోవడంకూడ నేరమే.

ఆయుధం ఎవరి చేతిలో ఉండవచ్చునన్నది ఈ సీమలో పాత ప్రశ్న. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చివేసినప్పుడు పాళెగాండ్ల సాయుధ బలగాలను అణచడం మన్రో దొరకు ముఖ్యమైన పని అయింది. 1878 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు బాధ భారతీయులకు, యూరోపియనులకు మినహాయింపు. 1930లో గాంధీజీ ఇర్విన్ ముందుంచిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులివ్వడం ఒకటి. ఆయన పేరు పెట్టుకున్న పేటలో ఈ సంగతి ఎందరికి తెలుసునో!

1959 చట్టం జాతిని గాక మనిషిని చూస్తుంది. 21 ఏండ్లు నిండనివారు (మన డిగ్రీ విద్యార్థులలో అధికులు వీరే), మతిస్థిమితం లేనివారు, శాంతిభద్రతలకై పూచీకత్తు వ్రాసి ఆ గడువులో ఉన్నవారు అనర్హులు. హింసకుగాని నైతిక పతనానికిగాని శిక్షపడినవారు శిక్ష ముగిసిన అయిదేండ్ల వరకు తుపాకి పట్టరాదు. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించరాదు. వారసత్వంగా వచ్చినదికూడ ఈ లెక్కలోనిదే. పాత పద్ధతి పూర్తిగా పోలేదు. ఇదే రాష్ట్రంలోని కొడగులో కొడవులకు, జమ్మా భూముల హక్కుదారులకు లైసెన్సు మినహాయింపు సాగుతున్నది. 2021లో కర్ణాటక హైకోర్టు దానిని సమర్థించింది. బళ్లారి తెలుగువారికిగాని కన్నడిగులకుగాని అది వర్తించదు.

మనవారికి మరొక చిక్కున్నది. 1953లో బళ్లారి మైసూరులో కలిసింది, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. ఒకే కుటుంబపు ఇల్లు ఇటు, పొలం అటు ఉండవచ్చు. లైసెన్సులో అది చెల్లే ప్రాంతం వ్రాసి ఉంటుంది. కర్ణాటకకే పరిమితమైన లైసెన్సుతో పందుల బెడదకని ఆలూరు పొలానికి తుపాకి తీసుకుపోతే చట్టాన్ని అతిక్రమించినట్లే. ముందుగా డెప్యూటీ కమిషనరు (ఆంధ్రలో మనం కలెక్టరు అంటాం) కార్యాలయంలో ప్రాంత విస్తరణ కోరాలి.