వద్దన్నవాళ్లే మన రాకెట్ ఎక్కారు

2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది. వెంకన్న కొండా, రాకెట్ల దీవీ ఇప్పుడు ఒకే కలెక్టరు కింద! అగ్రరాజ్యాల చెలిమి మన అణు విధానాన్ని ఎటెటు తిప్పిందో ఆ దీవి పక్కన పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడి చూస్తే తమాషాగా ఉంటుంది.

మాస్కోలో మన రెండో రాయబారి సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివారు. మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్‌కు దర్శనమివ్వని స్టాలిన్, ఈయనతో మాత్రం కూర్చుని మాట్లాడాడు. ఆ చెలిమి ముదిరి 1971 ఆగస్టు 9న సోవియట్‌తో మైత్రీ ఒప్పందమైంది. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ రోహిణి-125 లేచింది. రెంటికీ సంబంధం లేదు, తేదీలలా కుదిరాయంతే. 1974లో పోఖ్రాన్‌లో మన అణు పరీక్ష పేలగానే మనకు అణు సరుకు అందకుండా కొన్ని దేశాలు బృందం కట్టాయి. అందులో మన మిత్రుడు సోవియట్ కూడా ఉన్నాడు!

1980 జులై 18న ఇక్కడి నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మొదటి దశ ఘన ఇంధన మోటారే 1989లో అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది. అమెరికా కోపం మాత్రం అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ మీద పడింది. రష్యా మనకు ఆ పరిజ్ఞానం అమ్మబోతే, క్షిపణులకు పనికొస్తుందంటూ 1992లో ఇస్రోకూ, అమ్మే రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌కూ ఆంక్షలు తగిలించింది. మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్ నింపుకుంటూ కూర్చునే క్షిపణితో యుద్ధం చేసేదెవరు? రష్యా వెనక్కి తగ్గి, పరిజ్ఞానం లేకుండా ఏడు ఇంజన్ దశలిచ్చి ఊరుకుంది. సొంత ఇంజన్‌తో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ నెగ్గింది 2014 జనవరి 5న.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ)పై సంతకం పెట్టకుండా, బాంబు దగ్గరుంచుకుని, 1974 తర్వాత కట్టిన ఆ అణు సరఫరాదారుల బృందం నుంచి మినహాయింపు పొందిన దేశం మనదొక్కటే. అది 2008 సెప్టెంబరు 6 మాట. అక్టోబరు 10న అమెరికాతో అణు ఒప్పందంపై సంతకాలు, 22న నాసా పరికరాలతో సహా శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1. ఆ మినహాయింపుకు బదులుగా అప్పటి 22 రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీకి తెరిచాం, ఎనిమిది మన గుప్పిట్లోనే ఉంచుకున్నాం. కిటుకు ఇక్కడే ఉంది: పైదేశపు యురేనియం తనిఖీ ఉన్న రియాక్టర్లకు పోతే, సొంత ఖనిజాన్ని దేనికి వాడాలో మన ఇష్టం. పక్కనే కడప జిల్లా తుమ్మలపల్లెలో నాసిరకమే అయినా 49 వేల టన్నుల నిల్వ ఖాయమని 2011లో అణుశక్తి శాఖ ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కడతామన్న ఆరు అమెరికా రియాక్టర్లు మాత్రం కాగితాల్లోనే ఉన్నాయి.

2025 జులై 30న నాసా, ఇస్రో కలిసి చేసిన తొలి ఉపగ్రహం నైసార్ శ్రీహరికోట నుంచే వెళ్లింది. మోసింది జీఎస్‌ఎల్‌వీ. పైదశలో మండింది మన క్రయోజెనిక్ ఇంజనే.